ఇంజిన్ ఆగాక వినబడ్డ ఈల

నేను బడి మానెయ్యడానికి కారణం పేదరికమని మావాళ్ళు అందరికీ చెబుతూ వచ్చారు. అబద్ధం. మా మాస్టారు ఒకరోజు మా అయ్యని పిలిపించి, "నీ కొడుకు దగ్గర పొగ ఎక్కువ, లాగుడు తక్కువ" అన్నారు. జంషెడ్‌పూర్‌లో మాస్టర్లు కూడా లారీ భాషలోనే తిడతారు. మా అయ్య స్టీలు ప్లాంటులో పనివాడు, ఆయనకి విషయం వెంటనే అర్థమైంది. పొగ ఎక్కువై లాగుడు తగ్గిన బండిని ఎక్కడికి తీసుకెళతారు? గ్యారేజీకి. మర్నాడు నన్ను అక్కడికే తీసుకెళ్ళాడు. ఆ తర్వాత వచ్చిన బండ్లన్నీ బాగై వెళ్ళిపోయాయి. నేనొక్కణ్ణే బాగుపడక, రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. వాటి కథ చెబితే మీకు ఆవలింతలు, నాకు కడుపుమంట. రాయదలుచుకున్నది ఒకే ఒక్క ఇంజిన్ గురించి. ఎనభైలు సగం దాటాక మా గ్యారేజీకి వచ్చిన టర్బో డీజిల్ ఇంజిన్ అది. మా బావ చేతిలోంచి స్టీరింగ్ లాక్కునే దాకా వచ్చింది, లాక్కోలేకపోయింది. ఎందుకు లాక్కోలేకపోయిందో తెలిస్తే టర్బో గురించి మీకు తెలియాల్సినదాంట్లో సగం తెలిసినట్టే. మిగతా సగం చేతులు మసి చేసుకుంటే తెలుస్తుంది.

ఊపిరి ఊదే చక్రం

మాది సువర్ణరేఖ ఒడ్డున, భుయ్యాడీహ్ దాటాక, ఒక ట్రాన్స్‌పోర్టు కంట్రాక్టరు గ్యారేజీ. స్టీలు ఎత్తుకుని రాంచీ దారిలో ఘాట్ రోడ్డు ఎక్కి వెళ్ళే లారీలు మావి. అంతవరకూ అన్నిటికీ మామూలు ఇంజిన్లే. ఆరు సిలిండర్లు, అవి తమంతట తాము పీల్చుకున్నంత గాలి, ఆ గాలికి తగ్గ డీజిలు. నిండు లోడుతో ఘాట్ ఎక్కుతుంటే రోడ్డు పక్కన నడిచే మేకలు డ్రైవరు వంక జాలిగా చూసేవి.

టర్బో చేసే పని చెప్పడానికి చాలా తేలిక. సైలెన్సర్లోకి వృథాగా పోయే పొగని దారి మళ్ళించి ఒక చిన్న చక్రం మీదికి తోలతారు. చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకి రెండో కొసన ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని పట్టుకుని ఇంజిన్లోకి కుక్కుతుంది. గాలి పెరిగితే డీజిలు ఎక్కువ కాల్చొచ్చు. అవే ఆరు సిలిండర్లు, అదే సైజు, కానీ గుర్రం తిన్నంత తిండి గాడిదకి పెట్టి గుర్రం పని చేయించుకున్నట్టు, బలం ఇట్టే పెరుగుతుంది.

ఇంజిన్ తిరిగే వేగానికి ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది ఆ ఇరుసు. మీరనుకునే గుళ్ళ బేరింగు అక్కడ ఉండదు. సన్నటి బుష్‌లో, ఇంజిన్ పంపు తోసే నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయేదంతా ఆ నూనె పొర మీదే నడుస్తుంది.

ఇవన్నీ నాకు నేర్పింది మా వర్క్‌షాప్ ఇన్‌చార్జి దత్తా బాబు. బెంగాలీ, ఇంజనీరింగ్ చదివినవాడు, పైగా చదివింది మరిచిపోనివాడు. ఆయనకి ఒక అలవాటు. ఎవరు ఏం చెప్పినా, అర్థం కాకపోతే "ఫిర్ సే" అనేవాడు, మళ్ళీ చెప్పమని. హెల్పరు చెప్పినా అంతే, యజమాని చెప్పినా అంతే. నా సర్వీసులో రకరకాల బాసుల్ని చూశాను. "నాకు తెలుసు" అనే బాసు కింద ఇంజిన్లు ఎక్కువ పోతాయి. "ఫిర్ సే" అనే బాసు కింద మన ఓపిక పోతుంది గాని ఇంజిన్ మిగులుతుంది.

బోల్టులు కలిసినంత మాత్రాన

టర్బో పేరు ఊళ్ళో పాకగానే ఒక బస్సు యజమాని మా దగ్గరికి వచ్చాడు. బస్సు పాతది. ఎక్కడో టర్బో ఇంజిన్ ఒకటి సంపాదించాడు, పాతది దించి ఇది ఎక్కించమన్నాడు. దత్తా బాబు బస్సు చుట్టూ తిరిగి చూసి కుదరదన్నాడు. బోల్టులన్నీ సరిగ్గా కలుస్తున్నాయి కదా, ఎందుకు కుదరదని యజమాని వాదన. ముక్కులు కలిసినంత మాత్రాన సంబంధం కుదుర్చుకోరు కదా అన్నాన్నేను. ఆయనకి కోపమొచ్చి రోడ్డు పక్క షాపులో ఎక్కించేసుకున్నాడు.

వారం తిరక్కుండా ఆ బస్సుని తాడు కట్టి లాక్కొచ్చారు. మొదటిరోజు జింకలా దూకిందట. తర్వాత క్లచ్ ప్లేటు జారడం మొదలుపెట్టింది. కొత్త బలాన్ని పట్టుకోవడం పాత ప్లేటు వల్ల కాలేదు. రేడియేటరు పాతది, కొత్త వేడిని చల్లార్చలేక మరిగిపోయింది. రోడ్డు మధ్యలో ఆవిరి కక్కుతుంటే ప్రయాణికులు దిగి, బస్సు టికెట్‌కి రైలింజన్ చూపించాడని యజమానిని మెచ్చుకున్నారట.

అందుకని కుర్రవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఇది. టర్బో ఇంజిన్ ఒక బండికి సరిపోతుందా అని ఎవరైనా అడిగితే బోల్టులు ఆఖర్న చూడండి. ముందు రేడియేటరు, క్లచ్, గేర్‌బాక్సు, వెనక ఇరుసు ఆ లాగుడు తట్టుకుంటాయా అన్నది చూడండి. ఎయిర్ ఫిల్టరు పెద్దదుండాలి, పొగగొట్టం లావుండాలి. ఇక పాత ఇంజిన్ అలాగే ఉంచి దాని మీద టర్బో ఒక్కటీ బిగించమనేవాడు వస్తే, టీ ఇచ్చి పంపెయ్యండి. టర్బో ఇంజిన్లో పిస్టన్లు వేరు, వాల్వులు వేరు, పిస్టన్ అడుగున నూనె చిమ్మి చల్లబరిచే ఏర్పాటు వేరు. పాత గుండెకి అంత గాలి కొడితే పిస్టన్ నెత్తి కరుగుతుంది, లేకపోతే హెడ్ గాస్కెట్ ఎగిరిపోతుంది. నేను మాత్రం ఒక్కరికీ బిగించలేదు. టీలు చాలా పోయించాను.

పొగ చెప్పే కబుర్లు

నల్లపొగ వస్తూ లాగుడు తగ్గిందంటే డీజిలు ఉంది, గాలి లేదు. అందరూ పంపు మీద పడతారు. మీరు ముందు ఎయిర్ ఫిల్టరు తీసి దులపండి. తర్వాత టర్బో నుంచి ఇంజిన్‌కి వెళ్ళే రబ్బరు పైపు క్లిప్పులు చూడండి. అనుమానముంటే ఇంజిన్ నడుస్తుండగా అతుకుల మీద సబ్బునీళ్ళు చల్లండి, గాలి కారే చోట బుడగలు లేస్తాయి. ఒక డ్రైవరు చిరిగిన పైపుకి గంఛా తువ్వాలు చుట్టుకొచ్చాడు. బండికి జలుబు చేసిందా అని అడిగాను. నవ్వలేదు.

నీలంపొగ అంటే నూనె కాలుతోంది. అంతమాత్రాన టర్బో సీలు పోయిందని తేల్చెయ్యొద్దు. టర్బోలోంచి నూనె కిందికి దిగే పైపు వంపు లేకుండా దిగాలి. ఎవడో బిగించేటప్పుడు దాన్ని మెలితిప్పి ఉంటాడు, నూనె దిగక పైకి ఉబికి సీలు దాటుతుంది. పైపు సరిచేస్తే సీలు కారడం ఆగుతుంది. ఫిల్టరు మూసుకుపోయినా ఇంజిన్ నూనెనే పీల్చుకుంటుంది, దాహమేసినవాడు ఏ గ్లాసైనా ఎత్తినట్టు.

సైరన్‌లా కూత వస్తే చక్రం గోడకి రాసుకుంటోందేమో చూడండి. ఇంజిన్ చల్లారాక పైపు విప్పి ఇరుసు కొసని వేళ్ళతో పట్టుకుని కదపండి. పక్కలకి కాస్త ఆడినా ఫరవాలేదు. చక్రం గోడకి తగిలిందా, దాని పని అయిపోయినట్టే. పైపులు విప్పిన ప్రతిసారీ మీ నట్లు మీ దగ్గరే ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక్క నట్టు లోపలికి పోయిందంటే చక్రం చెరుకుపిప్పి అయి బయటికొస్తుంది. కొత్త టర్బో వేసినప్పుడు దాని నోట్లో నూనె పోసి, ఆపే నాబ్ లాగి పట్టుకుని, ఇంజిన్ అంటుకోకుండా సెల్ఫ్ తిప్పండి. ఆయిల్ ప్రెషరు ముల్లు లేచాకనే స్టార్ట్ చెయ్యండి.

ఇంకో జబ్బుంది. పొగ రాదు, కూత రాదు, ముందుగా ఏ కబురూ పెట్టదు. ఒకరోజు ఇరుసు బుష్‌లో కరుచుకుని నిలబడిపోతుంది. మా బావ బండికి వచ్చింది అదే.

మంచి డ్రైవరు, మహతో

మా బావ సింహాచలం, మా అప్ప మొగుడు; మావైపు అక్కని అప్ప అంటాం. గ్యారేజీ మొత్తానికి మంచి డ్రైవరు. చుట్టరికం కొద్దీ అంటున్న మాట కాదు, చుట్టరికం కొద్దీ అయితే ఇంకోలా అనేవాణ్ణి. ఆయన గేరు మారిస్తే పక్క సీట్లో టీ గ్లాసు తొణికేది కాదు. క్యాబిన్లో ఎవర్నీ ఖైనీ పొగాకు నమలనిచ్చేవాడు కాదు. టర్బో లారీలు వచ్చినప్పుడు మొదటిది ఆయనకే ఇచ్చారు. అన్నేళ్ళ సర్వీసులో ఆయన చేతికొచ్చిన మొదటి కొత్త బండి. నిమ్మకాయలు తనే కట్టాడు, పేరు తనే రాయించాడు. బండి చూడ్డానికి అప్పని గేటు దాకా తీసుకొచ్చాడు. పెళ్ళిచూపులకి కూడా అంత తయారై వెళ్ళలేదని అప్ప ఇప్పటికీ అంటుంది.

రెండో బండి జగ్గూ మహతోకి ఇచ్చారు. బండి తిన్నగా నడపడం ఒక్కటి తప్ప అన్నీ వచ్చినవాడు మహతో. గేటు దగ్గర లారీ నిలిపి, ఇంజిన్ నడుస్తుండగానే కిందికి దిగేవాడు. అరచేతిలో ఖైనీ వేసుకుని సున్నం కలిపి నలుపుతూ, గేటు మనిషితో లోకమంతా చర్చించి, అది పెదవి కింద పెట్టుకున్నాక గాని పైకెక్కి ఇంజిన్ ఆపేవాడు కాదు.

బావకి అలాంటివి గిట్టవు. మా పాత డ్రైవర్లకి సలామీ అని ఒక ఆచారం ఉండేది. ట్రిప్పు ముగిసి బండి దాని జాగాలో నిలబడ్డాక, "జై విశ్వకర్మ బాబా" అని, ఆక్సిలరేటరు అడుగంటా తొక్కి, ఇంజిన్ గర్జిస్తుండగా నాబ్ లాగి ఆపెయ్యాలి. ఇంజిన్‌కి అది దణ్ణం. పొట్ట ఖాళీ అయి మర్నాడు పొద్దున్న తేలిగ్గా అంటుకుంటుందని కూడా అనేవారు. పాత ఇంజిన్లు దాన్ని భరించాయి. విశ్వకర్మ పూజ రోజున కొబ్బరికాయ కొట్టాక బండ్లన్నీ ఒక్కసారిగా సలామీ ఇస్తే అవతలి ఒడ్డున బట్టలు ఉతికేవాళ్ళు తలెత్తి చూసేవారు. మిగతా డ్రైవర్లు ఓపికుంటే ఇచ్చేవారు, లేకపోతే మానేసేవారు. బావ ఒక్క ట్రిప్పూ మానలేదు.

వానలు మొదలయ్యేలోపే ఆయన బండి టర్బో పట్టేసింది. కొత్తది వేశాం. వానలు తగ్గకముందే అదీ పట్టేసింది. మహతో బండిది మాత్రం శుభ్రంగా ఉంది.

మా యజమాని సేఠ్‌కి అనుమానమొచ్చింది. కొత్త బండి దొరికిందని సింహాచలం రోడ్డు మీద పందేలు కాస్తున్నాడని ఎవరో చెవిలో వేశారు. ఆయన గ్యారేజీకి వచ్చి, అందరి ముందూ తీర్పు చెప్పేశాడు. ఇంకో టర్బో వేస్తారు. అదీ పోతే ఈ బండి స్లాగ్ టిప్పరు తోలుతున్న మహతో తమ్ముడికి, ఆ టిప్పరు మళ్ళీ సింహాచలానికి. ఆ టిప్పరు సంగతి మీకు తెలియదు. దాని తలుపుకి గడియ లేదు, తాడు కట్టుకుని కూర్చోవాలి. కాలిన చిట్టెం ఎత్తి పొయ్యడమే పని. కొత్తగా వచ్చినవాళ్ళకీ, మందు తాగి దొరికినవాళ్ళకీ ఇచ్చేవారు.

బావ గుడ్డ అందుకున్నాడు. వెళ్ళి అద్దం తుడుచుకున్నాడు. అప్ప మాత్రం ఆ ఆదివారం సీతారాండేరాలో మా ఇంటికొచ్చింది.

"మీ బావ అన్నం కలిపి గోడకేసి సూత్తన్నాడ్రా. పట్టెడన్నం తిన్లేదు. నువ్వా గారేజీలో ఏటి సేత్తన్నావు, జోకులేసుకుంతన్నావా?"

నిజంగా చేస్తున్నది అదే. ఎందుకంటే పని చేసి చేసి దారి దొరకలేదు. నూనె దిగే పైపులోనే లోపముందని గొప్పగా ప్రకటించి కొత్తది వేశాను. లోపం దాంట్లో లేదు. నూనె మార్చాం, ఫిల్టర్లు మార్చాం. దత్తా బాబు చచ్చిన టర్బోని కోసి చూపించాడు. ఇరుసు నెమలి మెడలా నీలంగా కాలి ఉంది. బుష్ చుట్టూ నూనె మాడి బొగ్గులా గట్టిపడింది. నూనె అందక మాడిందని పుట్టు గుడ్డివాడైనా తడిమి చెప్తాడు. కానీ ఆయిల్ ముల్లు చూస్తే నిండుగా ఉంది, పైపు చూస్తే శుభ్రంగా ఉంది. నీళ్ళున్న కుళాయి కింద మనిషి దాహంతో చచ్చిపోయినట్టుంది వ్యవహారం.

ఫిర్ సే

టీ సమయంలో డ్రైవర్లని అనుకరించడం నా వినోదం. ఒక్కొక్కడు బండి తెచ్చి ఎలా నిలుపుతాడో నోటితో చేసి చూపించేవాణ్ణి. ఒకరోజు మహతోది చేశాను. ధడ్ ధడ్ ధడ్ మని నింపాదిగా నడిచే ఇంజిను, మధ్యలో అరచేతి మీద ఖైనీ చరుపు, గేటు మనిషి పిల్లల క్షేమం, ఆఖర్న టక్. అందరూ నవ్వారు. తర్వాత బావది. కళ్ళు మూసుకుని జై విశ్వకర్మ బాబా అన్నాను. ఘ్రూమ్మని ఇంజిన్ అరిపించాను. టక్ మని నాబ్ లాగాను. ఆ వెనకాలే ఉయ్యిఁ మని సన్నటి ఈల వేస్తూ మెల్లగా తగ్గించాను. 

అందరూ నవ్వుతుంటే దత్తా బాబు ఒక్కడూ నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఫిర్ సే కరో."

మళ్ళీ చేశాను. ఇంకోసారన్నాడు. ఇంకోసారి చేశాను. నా ప్రతిభకి ఇన్నాళ్ళకి గుర్తింపు వచ్చిందనుకున్నాను.

"ఇంజిన్ తో బంద్ హో గయా," అన్నాడు. "తో ఫిర్ ఏ సీటీ కిస్‌కీ హై?"

ఇంజిన్ ఆగిపోయింది, మరి ఈ ఈల ఎవరిది? నేనెప్పుడూ ఆలోచించలేదు. చెవి విన్నది నోరు అప్పజెప్పింది, అంతే. బుర్రని మధ్యలో అడగలేదు. మహతోది మళ్ళీ చెయ్యమన్నాడు. చేశాను. ఆఖర్న ఈల లేదు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సలామీలో ఇంజిన్ అడుగంటా తొక్కినప్పుడు టర్బో చక్రం దాని పూర్తి వేగం అందుకుంటుంది. ఆ క్షణాన నాబ్ లాగితే ఇంజిన్ ఆగుతుంది, దాంతో నూనె పంపూ ఆగుతుంది. చక్రానికి ఆ సంగతి ఎవరు చెప్తారు? అది నిప్పులా కాలుతూ, చుక్క నూనె లేకుండా, తిరుగుతూనే ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ముల్లు చూసి మేం సంతోషించాం. అసలు దాహం ఇంజిన్ ఆగాక మొదలవుతోంది.

ఆ మధ్యాహ్నం బావ బండి వచ్చే వేళకి ఇద్దరం బానెట్ దగ్గర కాచుకున్నాం. దత్తా బాబు పొడుగాటి స్క్రూడ్రైవరు మొన టర్బో మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. బావ సలామీ ఇచ్చి ఆపాడు. దత్తా బాబు పిడి నా చెవికి పెట్టాడు. బయటికి ఈలలా వినిపించేది, లోపల ఇసక మీద కొబ్బరిచిప్ప గీకుతున్నట్టుంది.

గ్యారేజీలో బండిని అందరికంటే గౌరవంగా చూసినవాడి బండే పాడవుతోంది. ఖైనీ నలుపుకున్నవాడి బండి చల్లగా ఉంది. తెలియకుండానే మహతో తన టర్బోకి, ఖైనీ తయారయ్యేంతసేపు, నింపాదిగా నూనె తాగించి పడుకోబెడుతున్నాడు.

సలామీ మానడమెలా

కారణం దొరికింది, బావని ఒప్పించడం మిగిలింది. అది ఇంజిన్ విప్పడం కంటే కష్టం. సాయంత్రం భుయ్యాడీహ్‌లో వాళ్ళింటికెళ్ళి, రెండు చేతులూ ఊపి, ఈలతో సహా వివరించాను. ఆయన అంతా విన్నాడు.

"నా ఈడంతా సలామీ ఇచ్చే బండి దిగినాను. ఇప్పుడు దణ్ణవెట్టడం మానీమంతావేట్రా?"

దణ్ణం మానక్కర్లేదు, గట్టిగా తొక్కడం మానితే చాలు, ఆపేముందు కాసేపు ఇంజిన్ని ఊరికే నడవనిస్తే చాలు అన్నాను.

"అంతసేపు నానేటి సెయ్యాల? మహతో గాడిలాగ ఖైనీ నలుపుకోవాలా?"

నా నాలుక చివర ఒక జోకుంది. అది ఆ పూట పనికిరాదని నాకే తెలుసు. అప్ప వంటింటి గుమ్మంలో నిలబడి బియ్యం చెరుగుతోంది. చేట ఆపకుండానే అంది:

"గుడికెల్తే దేవుడి సుట్టూ తిరుగుతాం గానీ, సెవికాడ నోరెట్టి అరుత్తావేటి? దణ్ణవెట్టాలంటే బండి సుట్టూ తిరిగి ఎట్టండి."

బావ వేలితో గాలిలో ఒక సున్నా చుట్టాడు. నావైపు తిరిగి, కుడివైపు నుంచే తిరగాలా అని అడిగాడు. టర్బోకి ఎటైనా ఒకటేనన్నాను. ఆయనకి ఒకటి కాదు. కుడివైపు నుంచే తిరుగుతానని తేల్చాడు.

ఆ వారమే విశ్వకర్మ పూజ వచ్చింది. బండ్లన్నీ కడిగి, పూలు కట్టి, వరసగా నిలబెట్టాం. సేఠ్ కుటుంబంతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కొబ్బరికాయ కొట్టారు. ఇక సలామీ. మొదట ఇచ్చేది ఎప్పుడూ మా బావే. మిగతావాళ్ళు ఆయన వెనకాల అందుకుంటారు.

బావ ఇంజిన్ స్టార్ట్ చేశాడు. తొక్కలేదు. అది నిద్రపోయే పిల్లాడి గురకలా నడుస్తుంటే కిందికి దిగి, చేతులు జోడించి, కుడివైపు నుంచి నడక మొదలుపెట్టాడు. ప్రతి చక్రం దగ్గరా ఆగి టైరుకి చెయ్యి ఆనించి కళ్ళకద్దుకున్నాడు. గర్జన కోసం చెవులు మూసుకున్న సేఠ్ పిల్లలు ఒక్కొక్క వేలే తీసేశారు. చుట్టు పూర్తయ్యాక పైకెక్కి నాబ్ మెల్లగా లాగాడు. ఈల లేదు.

ముందు కదిలింది మహతో. భక్తిలో ఒకడు తనని మించిపోవడం వాడు సహించలేడు. ఇంజిన్ నడవనిచ్చి, ఖైనీ నలుపుతూనే వాడూ బండి చుట్టూ తిరిగాడు. తర్వాత ఒక్కొక్కరే. పాత ఇంజిన్ల వాళ్ళకి అవసరం లేదని చెబుతున్నా వినకుండా వాళ్ళూ తిరిగారు. సేఠ్ లేచి, ఊరికే డీజిలు కాలుస్తున్న ఈ కొత్త పూజ ఎవరు పుట్టించారని అడిగాడు. దత్తా బాబు మాడిన ఇరుసు ఆయన చేతిలో పెట్టి, నా వైపు చూపించి, వీడు ఈల వేశాడు, నేను విన్నాను, ఇక మీరు చూడాలి అన్నాడు.

ఘాట్ మీద

చూడ్డానికి సేఠ్ తనే బయల్దేరాడు. మూడో టర్బో అప్పటికి కొత్తది, దాని పరీక్ష తన కళ్ళముందే జరగాలన్నాడు. నిండు లోడు వేయించి, బావ పక్కన కూర్చున్నాడు. వెనక సీటు మీద నేను. స్లాగ్ టిప్పరు గ్యారేజీ గోడ పక్కన తాడు వేలాడేసుకుని మమ్మల్ని సాగనంపింది.

ఘాట్ మొదలయ్యేచోట మా గ్యారేజీదే పాత బండి ఒకటి మూలుగుతూ ఎక్కుతోంది. బావ గేరు తగ్గించాడు. టర్బో అందుకుంది. లోపల సన్నటి పాట మొదలైంది, సీటు మా వీపుని ముందుకి తోసింది. పాత బండి పక్కనుంచి, దాని డ్రైవరు నోరు తెరిచి చూస్తుండగా, దాటేశాం. ఇంకో మలుపు దగ్గర మరో రెండు. నల్లపొగ లేదు, ముల్లు చలించలేదు. మేకలు ఈసారి జాలిపడలేదు, పక్కకి తప్పుకున్నాయి. సేఠ్ ముందు డాష్‌బోర్డు పట్టుకున్నాడు, తర్వాత వదిలేసి మీసం పట్టుకున్నాడు.

పైన ఢాబా దగ్గర బావ బండి నిలిపాడు. ఇంజిన్ నడుస్తుండగా దిగి నడక మొదలుపెట్టాడు. సేఠ్‌కి డీజిలు వృథా అన్న అలవాటైన భయం పట్టుకుంది. కిటికీలోంచి తల బయటపెట్టి, "అరే, బంద్ కరో" అన్నాడు. బావ వినిపించుకోలేదు. పూజ మధ్యలో ఎవరు పిలిచినా ఆయన పలకడు. వెనక చక్రం దగ్గర చెయ్యి ఆనించినవాడు అక్కడే ఆగిపోయాడు. వంగి చూసి, నన్ను పానా తెమ్మన్నాడు. చక్రం నట్లలో రెండు వదులై ఉన్నాయి. అలాగే ఘాట్ దిగి ఉంటే ఏమయ్యేదో సేఠ్‌కి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆయన కిందికి దిగాడు. నేను నట్లు బిగించేదాకా నిలబడి, బావ మిగిలిన సగం చుట్టు తిరుగుతుంటే వెనకాలే నడిచాడు. బావ టైరుకి చెయ్యి ఆనిస్తే తనూ ఆనించాడు. బావ పైకెక్కి నాబ్ లాగాడు. ఇద్దరం చెవులు రిక్కించాం. ఢాబాలో పెనం మీద రొట్టె చిటపట తప్ప ఏమీ వినబడలేదు.

"గాడీ తుమ్హారీ," అన్నాడు సేఠ్. బండి నీదే.

ఆ రోజు ఇంటికెళ్ళాక బావ ఎంత తిన్నాడో అప్ప నాకు చెప్పింది గాని, ఆయన పరువు కోసం ఇక్కడ రాయను. ఆ బండి అమ్మేసేనాటికి కూడా దాంట్లో ఉన్నది అదే మూడో టర్బో. మహతో తమ్ముడు స్లాగ్ టిప్పరు తలుపు తాడు తానే మార్చుకున్నాడు. మా గ్యారేజీలో సలామీ అన్న మాట పోలేదు, దాని అర్థం మారింది. బండి చుట్టూ తిరగడమే సలామీ. దాంతోపాటు నట్లు, టైర్లు, కారుతున్న నూనె చుక్కలు అన్నీ కంటపడేవి. బ్రేక్‌డౌన్లు ఎంత తగ్గాయంటే టీ సమయం నాకు బాగా కలిసొచ్చింది.

చివరగా

కుర్రవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. టర్బో బండి స్టార్ట్ చెయ్యగానే తొక్కొద్దు, నూనె అందనివ్వండి. ఘాట్ ఎక్కొచ్చాక వెంటనే ఆపొద్దు, చల్లారనివ్వండి. పాడైన బండి వస్తే ఇంజిన్ ఒక్కటే చూడకండి, నడిపేవాడి అలవాట్లు కూడా చూడండి. మంచివాడి మంచి అలవాటే ఒక్కోసారి కొత్త యంత్రానికి పడదు. అలాంటప్పుడు అలవాటుని తిట్టొద్దు, దాన్ని ఎటు తిప్పాలో వెతకండి. నాకు తోచకపోతే మా అప్పకి తోచింది.

నా రిటైర్మెంటు రోజున గ్యారేజీలో దండ వేసి రెండు మాటలు మాట్లాడమన్నారు. రెండు మాటల్లో నేను మంచినీళ్ళు కూడా అడగలేను. ఈ కథంతా ఈలలతో సహా చెప్పాను. బావ ముందు వరసలో కూర్చుని తల దించుకుని నవ్వుకున్నాడు. చప్పట్లు కొట్టారు, మైకు తీసేశారు, కుర్చీలు మడిచేశారు. నేను మాత్రం కుర్చీలు మడిచేవాణ్ణి పట్టుకుని ఘాట్ దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. అప్ప వచ్చి నా దండ పట్టుకుని లాగింది.

"ఇంజినాపీసినా తిరిగేది టర్బో ఒకటే అన్నావు గదరా. నిన్నాపీసినారు, నువ్వింకా ఈలేత్తన్నావు. అదిగో లారీ, ఎల్లి దాని సుట్టూ ఓపాలి తిరిగి సల్లారి రా. అన్నం ఎడతాను."